పొగరుబోతు

మా చెల్లెలు సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది. గుమ్మం పక్కనున్న బకెట్టును మాత్రం రోజూ తన్నుకుంటుంది. చూసినవాళ్ళు నటన అనుకుంటారు. డాక్టరు విడమరిచి చెప్పాడు. దాని చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోంది. నడుమ ఉన్నది బాగానే కనపడుతుంది, పక్కనున్నది కనపడదు. చొక్కా కాజాలోంచి లోకాన్ని చూస్తున్నట్టు. ఆ కాజా ఏటికేడు చిన్నదవుతుంది, దానికి మందు లేదు.

దానికి పెళ్ళి కాలేదు, నాకు మొగుడు లేడు. ఇద్దరికీ ఒక గది, ఒక పొయ్యి. ఒకరికి పని పోతే ఆ పొయ్యి ఒక పూటే వెలుగుతుంది.

అంతకుముందు అది పనిచేసిన కుట్టుషాపులో యజమానికి నిజమే చెప్పాం. ఆయన చాలా మంచివాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆ సాయంత్రమే పని మాన్పించాడు. "ఏ సూదో వేలిలో దిగితే ఆ పాపం నాకెందుకమ్మా" అన్నాడు. జాలి ఆపుకోలేక వీధిలోని మిగతా షాపులకూ చెప్పాడు. ఆ తర్వాత మేం ఏ మెట్టు ఎక్కినా, నోరు తెరవకముందే "అయ్యో పాపం" అనేవాళ్ళు. అయ్యో పాపం అన్నచోట పని ఉండదు.

నేను పనిచేసే యూనిఫారాల షెడ్డు ఊరికి ఆ చివర ఉంది. ఈ కబురు అంతదూరం పాకలేదు. మేస్త్రీని బతిమాలి గుండీలు కుట్టే పని ఇప్పించాను.

"ఈసారి ఎవరి దగ్గరైనా నోరు జారావంటే నీకూ నాకూ మాటల్లేవు," అంది చెల్లెలు నాతో.

మా షెడ్డులో చొక్కా చేతులు మారుతూ నడుస్తుంది. ఒకామె కాలరు కుట్టి పక్కామెకు చాపుతుంది. ఆమె కాజాలు తీసి ఆ పక్కకు చాపుతుంది. మిషన్ల రొదలో పిలిచినా వినపడదు గనుక ఎవరూ పిలవరు. చెయ్యి చాపితే అందుకోవాలి, అంతే. చెల్లెలి కుడిపక్కన కాజాల దగ్గర నేనే కూర్చున్నాను. చొక్కా తెచ్చి దాని ఒళ్ళో పెట్టేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు.

కొన్నాళ్ళకు మేస్త్రీ నన్ను ఇస్త్రీ బల్ల దగ్గరికి మార్చాడు. నా చోట్లోకి రేడియో వచ్చింది. అది ఆమె పేరు కాదు. ఆమె నోటిని బట్టి అందరూ పెట్టింది. మిషన్ల రొదను మించి అరవగలిగింది మా షెడ్డులో ఆమె ఒక్కతే.

"చాపి చాపి నా రెక్క పడిపోయింది. మహారాణిగారికి పళ్ళెంలో పెట్టి తేవాలా?"

చెల్లెలు తల కూడా తిప్పలేదు.

"ఒళ్ళో పడెయ్. అందుకునే అలవాటు లేదు నాకు."

"అబ్బో. పుట్టినప్పుడు ఎవరు అందించారో?"

"మంత్రసాని. ఆవిడ నోరు మూసుకుని అందించింది."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి దాని పేరు మహారాణి.

"ఎందుకే ఆ తలబిరుసు మాటలు?" అన్నాను ఇంటికి వచ్చాక.

"తలబిరుసుదాన్ని తిట్టుకుంటూ అయినా పనిలో ఉంచుకుంటారక్కా. గుడ్డిదాన్ని బుజ్జగించి బయటికి పంపుతారు."

ఇక ఆ వేషమే కట్టింది. గడ్డం పైకెత్తి మెల్లగా నడిచేది. పక్క నుంచి ఎవరైనా పలకరిస్తే పలికేది కాదు. పొగరుబోతని చాటుగా కొన్నాళ్ళు, ఎదురుగా కొన్నాళ్ళు అన్నారు. ఆ మాట వినపడినప్పుడల్లా నా చేతిలో ఇస్త్రీపెట్టె ఒకేచోట ఆగిపోయేది. అది మాత్రం సంతోషంగా గుండీలు కుట్టుకునేది.

ఒకరోజు యజమాని తల్లి వచ్చింది. ఆ షెడ్డు పెట్టింది ఆవిడే. ఒకప్పుడు ఆవిడా మిషను తొక్కిందట. నా బల్ల మీది తెల్లచొక్కా తీసి గుండీల కింద బొటనవేలు పోనిచ్చి చూసింది.

"ఎవరు కుట్టారివి?"

గర్వంగా చెల్లెలి వైపు చూపించాను. ఆవిడ నేరుగా వెళ్ళి దాని కుడిపక్కన నిలబడింది. షెడ్డు అలవాటు ప్రకారం, పిలవకుండా, చొక్కా చాపింది.

నేను పెట్టె నిలబెట్టి వచ్చేలోపే మిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోతున్నాయి. పెద్దావిడ చెయ్యి చాపే ఉంది. ముసలి చెయ్యి, వణుకుతోంది. ఎందుకు నిశ్శబ్దమైందో తెలియక, కరెంటు పోయిందనుకుని చెల్లెలు లేచింది. మోచెయ్యి తగిలి చొక్కా కింద పడింది. దాని మీదే అడుగు వేసింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు మేస్త్రీ. "ఎవరనుకున్నావు ఆవిణ్ణి?"

"నువ్వుండవయ్యా," అంది పెద్దావిడ. తర్వాత చాలా మెత్తగా, "అమ్మాయ్, నేను నిలబడ్డది నీకు కనపడలేదా?"

ఆ మెత్తని గొంతు మాకు తెలుసు. టీ తెప్పించే గొంతు. అయినా నాకు ఆశ పుట్టి నోరు తెరిచాను. చెల్లెలు తల తిప్పి వెతుక్కుని, నా మొహం దొరికాక అక్కడే చూపు నిలిపింది. నా నోరు మూతపడింది.

"కనపడిందండి," అంది. "పనిలో ఉన్నదాని పక్కన ఎవరు నిలబడితే ఏంటి?"

పెద్దావిడ మొహం గట్టిపడింది. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. మేస్త్రీ టిఫిన్ డబ్బా తెచ్చి దాని చేతిలో పెట్టాడు.

నేను సెలవు పెట్టి దాన్ని ఇంటికి తీసుకొచ్చాను. నా మోచెయ్యి పట్టుకుని నడిచింది.

"ఆవిడ మంచావిడే. చెప్పి ఉంటే ఉంచుకునేదేమో," అన్నాను.

"మొదటాయన కూడా మంచాయనే. పొగరని తీసేశారంటే, ఇంకోచోట తగ్గించుకుంటానని చెప్పుకోవచ్చు. ఈ గుడ్డితనాన్ని ఎలా తగ్గించుకోను?" కాసేపు నడిచాక అడిగింది. "ఇంతకీ ఆ చొక్కాలో ఏం తప్పు దొరికింది?"

"తప్పేం లేదే. గుండీలు బాగా కుట్టావని చెప్పడానికి వచ్చింది."



మా సందు మలుపులో పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది.

"ఏమ్మా, వేళగాని వేళ వచ్చారు?" అని దాన్నే అడిగింది. అది పలకలేదు.

"పని పోయిందండి," అన్నాను నేను.

"అయినా పలకరిస్తే పలకదు చూడు. చింత చచ్చినా పులుపు చావలేదు."

చెల్లెలు గడ్డం ఇంకాస్త పైకెత్తింది. ఆ మాట దానికి వినపడిందని నాకు తెలుసు. నా మోచేతి మీద దాని వేళ్ళు బిగుసుకున్నాయి.