రుద్దితే గాని మొలవను

నేను ఒక గచ్చకాయని. బూడిద రంగు, గోళీ అంత సైజు, రాయిలాంటి పెంకు. కూరకి పనికిరాను. అందుకే ఇన్నాళ్లు బతికాను.

పుట్టింది విశాఖకి ఉత్తరాన ఒక జాలరిపేటలో, ఇసుక దిబ్బ మీది ముళ్లపొదలో. దిబ్బ వెనకే నూకరత్నం ఇల్లు. వేటకెళ్లిన పడవలు తిరిగొచ్చేదాకా అక్కడి ఆడవాళ్లు గచ్చకాయలాడతారు. పదకొండేళ్లు మేం అయిదుగురం ఆమె చేతిలోంచి గాల్లోకి, గాల్లోంచి చేతిలోకి. నా కెరీరంతా అప్ అండ్ డౌనే.

ఇంతలో బీచ్‌కి అందం తక్కువైందని ఎవరికో తోచింది. ప్రాజెక్టు ఇంజనీరు చక్రధర్ గారు వచ్చి, మా అమ్మని, అంటే ఆ పొదని చూసి, “ఈ ముళ్ల చెత్తంతా తీసేయండి” అన్నారు. జేసీబీ ఒక్క పూటలో తీసేసింది. ఆ చోట లాన్ పరిచి, ‘గడ్డిపై నడవరాదు’ అని బోర్డు పెట్టారు. సముద్రపు గాలికి చదువు రాదు. నెల తిరక్కుండా గడ్డి మాడిపోయింది. పట్టుకునే వేరు లేక దిబ్బ జారింది. నూకరత్నం గుమ్మానికీ అలకీ మధ్య యాభై అడుగులుండేది, పదిహేనుకి వచ్చింది. రోజూ పాదం పక్కన పాదం పెట్టి కొలుచుకునేది.

అప్పుడు చక్రధర్ గారు ట్యాబ్ పట్టుకుని మళ్లీ వచ్చారు. ఉప్పుని తట్టుకుని ఇసుకని ఆపే స్థానిక మొక్క కావాలట. తెర మీద మా అమ్మ ఫోటో!

“ఈ పొదనే గదా బాబూ మీరు పీకించేసినారు?” అంది నూకరత్నం.

“అప్పటి ప్లానులో అది లేదమ్మా.”

రెండు బస్తాల గచ్చకాయలు తెప్పించి పాతారు, తడిపారు, డ్రోన్‌తో ఫోటోలు తీశారు. నలభై రోజులకి ఒక్కటీ లేవలేదు. ‘విత్తనాలు నాసిరకం’ అని రిపోర్టు రాశారు.

“రుద్దకుండా మొలుత్తాదేటి బాబూ?” అని నూకరత్నం బొడ్లోంచి మేమున్న సంచి తీసి విప్పింది. పెంకు అరిగి లోపలికి నీళ్లు దిగితే తప్ప మేం లేవం.

“ఆడుకునే కాయలు పాతెత్తన్నావేటే, రేపు ఏటితో ఆడతావ్?” అని పక్కింటి పోలమ్మ కసిరింది.

“ఇల్లుంటే గదే ఆట!”

నన్ను గుమ్మం రాతి మీద రుద్ది రుద్ది, ఇంజనీరు గారి చేతికి తగిలించింది.

“అబ్బా! కాలిందమ్మా!”

“ఉడుకొచ్చింది గదా. ఇప్పుడు పాతండి.”

పేటంతా కూర్చుని ఆ రెండు బస్తాలూ తవ్వి తీసి రుద్దింది. ఇంజనీరు గారూ రుద్దారు. గోళ్లు అరిగాయి పాపం.

మూడు వానాకాలాలు గడిచాయి. ఇప్పుడు నేనే పొదని. దిబ్బ మళ్లీ లేస్తోంది. నూకరత్నం కొలత ఇరవై ఎనిమిది అడుగులకి వచ్చింది. కొత్త బోర్డు కూడా వచ్చింది: ‘అరుదైన మొక్క, ముట్టరాదు.’ ఆమె నా కాయలు చీల్చి అయిదు గింజలు ఏరుకుని, ఆ బోర్డు నీడలోనే ఆటకి కూర్చుంది.

చక్రధర్ గారు నాతో ఫోటో దిగడానికి వెనక్కి జరిగారు. ఆయన ప్యాంటు పట్టుకున్నాను.

“ఇదేంటమ్మా, వదలట్లేదు!”

నూకరత్నం గింజ ఎగరేసి, తలెత్తకుండానే అంది: “వదిలితే నా ఇల్లుంటాదేటి బాబూ?”