అడ్డుతీగ

మే నెల మిట్టమధ్యాహ్నం. ఉప్పల్‌లోని ఆ ఆస్పత్రి గదిలో ఏసీ ఆపేసి, కిటికీలు మూసేసి, సారమ్మ చెమటలో తడిసి ముద్దయి కూర్చుంది. మంచం మీద ఆమె మొగుడు అబ్బయ్య. ఇద్దరూ నాచారం రబ్బరు ఫ్యాక్టరీలో పనివాళ్లే. అక్కడి రోలర్లు అతని కుడి ముంజేతి కండను ఎముక కనబడేలా ఒలిచేశాయి. నిన్న డాక్టరమ్మ అతని తొడలోంచి రక్తనాళాలతో సహా కండ కోసి తెచ్చి, ముంజేతికి అతికించి, నాళానికి నాళం కలిపి కుట్టింది.

"చలి తగిలితే నాళాలు ముడుచుకుంటాయి. ఈ కండ చచ్చిందంటే చెయ్యి దక్కదు" అని హెచ్చరించి, రంగు చూడటం నేర్పింది. వేలితో నొక్కాలి. తెల్లబడ్డచోట వెంటనే ఎరుపు తేలాలి.

అప్పుడు వేంచేశాడు యజమాని రామ్మోహనరావు. లాగితే రోలర్లు ఆగిపోయే అడ్డుతీగను, మాటిమాటికీ పని ఆగుతోందని పీకించేసిన మహానుభావుడు! ఇప్పుడు ఫ్యాక్టరీలో భద్రతా వారోత్సవాలట. వెంట ఫొటోగ్రాఫరు, చేతిలో పూలగుత్తి. సిగ్గులేనితనానికైనా హద్దుండొద్దూ?

"అబ్బబ్బ, ఏంటమ్మా ఈ ఉక్క! ఫొటోలో మొహం జిడ్డోడుతుంది. ఏసీ వెయ్యి."

"వద్దు సార్. సల్లగాలి దల్గితె కండ సస్తదని డాక్టరమ్మ జెప్పింది."

"ఐదు నిమిషాలకేం కాదులే. నేను చూడని ఆస్పత్రులా?" అంటూ తానే రిమోట్ నొక్కాడు.

"ఉండనియ్యే," అన్నాడు అబ్బయ్య, లేవబోతూ. "సారు మనకోసం గింత ఎండల వచ్చిండు." చెయ్యి తిన్నవాడికే దండం పెట్టే అలవాటు ఇంకా చావలేదు.

చల్లగాలి తిన్నగా కట్టు మీదికి కొట్టింది. రామ్మోహనరావు పొట్ట లోపలికి పీల్చి, మంచం పక్కన నిలబడి, దిగులు మొహం పెట్టాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

కట్టు సందులోంచి సారమ్మ కండను నొక్కింది. తెల్లబడింది. ఎరుపు తేలలేదు.

ఆమె రిమోట్ లాక్కుని ఏసీ ఆపింది. "సిస్టర్! జల్ది రా!" అని కేకేసి, యజమాని వైపు తిరిగింది. "నువ్వు బయటికి నడువు."

"ఎవరితో మాట్లాడుతున్నావ్? ప్యాకింగులో నీ పని..."

"పోతె పోనీ. తీగ పీకిననాడు నోరు మూస్కున్నం. గిప్పుడు మూస్కోను. నడువు!"

అతన్ని గుమ్మం దాటించి తలుపు వేసింది.

"నా మొహం బాగా పడిందా?" అని అవతల అతను ఫొటోగ్రాఫరును అడుగుతున్నాడు.

సారమ్మ అబ్బయ్య మీదికి దుప్పటి లాగి, మళ్లీ వేలు ఆనించి నొక్కింది. తెల్లబడిన చోటునే చూస్తూ కూర్చుంది.