భాగీరథమ్మ వేళ్లు

భాగీరథమ్మ మూడోసారి శనగపిండితో చేతులు రుద్దుకుంది. కుళాయి కింద వేళ్లు విడదీసి కడిగి, కొంగుకు తుడుచుకోకుండా గాలికే ఆరబెట్టుకుంది. మూడు రోజులుగా రాసిన ఆముదం పూర్తిగా పోవాలి. జిడ్డు వేలితో తెల్లపట్టును ముట్టుకుంటే మచ్చ పడుతుంది. జిడ్డు పోయిందా, వేలు మళ్లీ గరుకుతేలుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

కబ్బన్‌పేట సందులో మునినారాయణప్పకు నాలుగు మరమగ్గాలున్నాయి. నాలుగు నెలలుగా నాలుగూ మూగపోయాయి. ఇవాళ ఒక్కదానికి పడుగు, నేతకు నిలువు పోగుల చుట్ట, వచ్చింది. మగ్గం మీద పాత పడుగు కొసలు వదిలే ఉంచుతారు. కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ కొసలకు మెలిపెట్టి అతకాలి. నాలుగువేల పైచిలుకు పోగులు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేవడం. పెళ్లయి వచ్చిన ఏడాదే అత్త దగ్గర ఈ పని నేర్చుకుంది, ముప్ఫై ఏడేళ్ల కిందట. చీరలో ఆ అతుకు ఎవరికీ కనబడదు, అతికిన మనిషి అసలే కనబడదు. ఆమె దానికెప్పుడూ బాధపడలేదు. భాగీరథమ్మ చెయ్యి పడితే పోగు తెగదని సందులో నలుగురూ అనుకుంటారు, ఆమెకు అది చాలు.

తెచ్చుకున్న గుడ్డసంచిని మగ్గం కిందికి తోసి, పీట మీద కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుంది. మునినారాయణప్ప మగ్గం పక్కన నిలబడి కొత్త పట్టును చూసుకుంటున్నాడు. ఒకప్పుడు నెలకింత అని నాలుగు మగ్గాలకూ కలిపి కొనేవాడు. ఇప్పుడు ఒక్క పడుగుకు సరిపడా కొనడానికే ఇంట్లో మూడుసార్లు మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"ఇంత ఆలస్యం యాలన్నా?" అని అడిగిందామె.

"ఎర్రసముద్రంలో ఓడల మీద బాంబులేస్తా ఉండారంటమ్మా. ఓడలన్నీ ఆఫ్రికా చుట్టుకోని పోతా ఉండాయి."

"మనది చైనా పట్టు గదా. అది ఆ దారిన రాదు గదన్నా?"

"రాదు. కానీ ఓడల్లో సరుకేసే పెట్టెలన్నీ ఆ దూరం దారిలో ఇరుక్కుంటే ఈ పక్కకు పెట్టెలేడివి? దొరికినదానికి మూడింతల బాడిగ. పోనీ ఇక్కడి శిడ్లఘట్ట పట్టు కొందామంటే అందరూ దాని మీదనే పడినారు. ధర తగ్గుతాదేమోనని నెలనెలా చూసినా. తగ్గలా."

భాగీరథమ్మ తలూపింది. ఆమె సముద్రం చూసింది ఒక్కసారే, రామేశ్వరంలో.

ఆయన ధర తగ్గుతుందని చూసిన ఆ నెలల్లో ఆమె మడివాళలో ఆడపిల్లల పీజీలో గిన్నెలు తోమింది. అరవైమంది పళ్లాలు, రెండు పూటలూ. సబ్బుపొడి, తీగపీచు. మొదటి నెలలో అరచేతులు మంటెత్తాయి. రెండో నెలలో వేళ్ల కొసలు పగిలాయి. తర్వాత చర్మం మొద్దుబారి, మంట కూడా తెలియడం మానేసింది. మునినారాయణప్ప ఫోన్ చేసిన రోజు ఆమె నురగ చేతితోనే ఎత్తింది. "పడుగొచ్చిందమ్మా, నువ్వే రావల్ల" అంటే, గిన్నెల మధ్య నిలబడి చిన్నపిల్లలా నవ్వుకుంది. పీజీ మేనేజరుతో జ్వరమని చెప్పి వచ్చేసింది.

మొదటి వంద పోగులు బాగానే వచ్చాయి. పాత కొస, కొత్త కొస, ఒక మెలి. చేతికి పాట గుర్తొచ్చినట్టే ఉంది. తర్వాత ఒక పోగు వేలిని వదల్లేదు. చర్మం పగులులో చిక్కి వెంటే లేచింది, నూగు రేగి పుటుక్కున తెగింది.  ఎవరైనా చూశారేమోనని తల తిప్పింది. గడప దగ్గర మునినారాయణప్ప కోడలు సహన కాఫీ లోటాతో నిలబడి ఉంది.

"కొత్త లాటు కదా పెద్దమ్మా, పోగు మెత్తగా ఉండాదేమో" అంది సహన.

ఆడలేక మద్దెల ఓడని తనూ అనొచ్చు. ఆ పిల్ల దారి చూపించింది కూడా. భాగీరథమ్మ అనలేదు. పోగు మంచిదని వేలికి తెలుస్తూనే ఉంది.

పదకొండు దాటేసరికి ఇంకో ఏడు తెగాయి. సహనను బ్లేడు అడిగి తీసుకుని, లేచిన చర్మాన్ని జాగ్రత్తగా కోసుకుంది. మళ్లీ బూడిద అద్దుకుని కొత్త కొస పట్టుకోబోయింది. చూపుడువేలి చివర ఎర్రటి చుక్క ఊరింది. కింద తెల్లటి పట్టు. ఆమె రెండు చేతులూ చటుక్కున పైకెత్తేసింది. వాటిని దించకుండానే గడప వైపు పిలిచింది.

"సహనా, మీ మామను పిలువు తల్లీ."

మునినారాయణప్ప వచ్చి ఆ చేతుల్ని చూశాడు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న చేతులే.

"పది పోగులు పోతే పోనీలేమ్మా. నిదానంగా చేయి."

"పోనీ అంటే ఎట్లన్నా? ఇన్ని నెలలు కాసుకుంటే వచ్చిన పట్టు." వేళ్లు ఆయన ముందుకు చాచింది. మళ్లీ అంది, "ఇవి ఇంక ఎంగిలి పళ్లాలకే. పీణ్యలో మంజునాథ్ దగ్గర ముడేసే మిషను ఉండాదంట. వాణ్ని పిలిపించు."

"మిషను నాకు తెలీకనా? నీ పని నీకే ఉండాలని గదా పిలిస్తిని."

"తెలుసన్నా. అందుకే నేనే చెప్తా ఉండా."

ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కళ్లజోడు తీసి పంచెతో చాలాసేపు తుడిచాడు. భాగీరథమ్మకు ఏడుపు రాలేదు. తనది కాని ఇంట్లో ఇంతసేపు కూర్చున్నానన్న సిగ్గు మాత్రం వచ్చింది. అది ఏడుపు కన్నా కష్టంగా ఉంది. తను అతికినంత మేర ఒక్కసారి చూసుకుంది. జానెడు కూడా లేదు. లేచి, పీటను గోడకు ఆనించి, ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది.

సందు మలుపులో ఆగి ఫోన్ తీసింది.

"మేనేజరు సారూ, జ్వరం తగ్గిపాయె. మధ్యాహ్నం గిన్నెలకొస్తా."

మడివాళ బస్సు ఎక్కింది. ఆ సందులోకి ఆమె మళ్లీ రాలేదు.

సాయంత్రం మంజునాథ్ మిషను దింపించుకుని, దాన్ని పెట్టడానికి మగ్గం కింద చోటు చేస్తుంటే భాగీరథమ్మ గుడ్డసంచి అడ్డమొచ్చింది. సహన దాన్ని తీసి విప్పింది. లోపల మూత తీయని సద్ది డబ్బాలు రెండు, మధ్యాహ్నానికొకటి, దీపాలు పెట్టే వేళకొకటి.