రెండో గడి

చెరువు మీద పక్షుల లెక్కకు ఇద్దరుండాలి. ఎవరికి వారు లెక్కపెట్టి, ఒకరికొకరు చూపించుకోకుండా పుస్తకంలో చెరో గడిలో రాసి, చెరో సంతకం పెట్టాలి. అదీ మా సంఘం నియమం. రెండు గడులూ నిండితేనే చెరువు రక్షిత చెరువుల జాబితాలో ఉంటుంది. జాబితాలో ఉన్నన్నాళ్ళే, పక్షులు గుడ్లు పెట్టే మూడు నెలలూ ఎవరూ వలలు వేయరు. జీతం లేని చాకిరీ. అయినా నేనూ మా అక్కా పదకొండేళ్ళు వారం తప్పకుండా చేశాం.

ఏడాదిగా రెండు గడులూ నేనే నింపుతున్నాను.

తప్పు నాది, నా నోటిది. నిరుడు సంఘం వాళ్ళంతా గట్టు మీద ఉండగా అక్క నీటికోడిని చూపించి బాతు అంది. "అవి కళ్ళా, గుండీలా?" అన్నాను. దర్జీదాన్ని, నోటికి అదే వచ్చింది. అందరూ ఘొల్లుమన్నారు. అక్క పుస్తకం నా ఒళ్ళో పెట్టి, మెల్లగా గట్టు దిగి వెళ్ళిపోయింది. ఉండేది రెండు వీధుల అవతలే. నేను వెళ్ళలేదు, ఆమె రాలేదు. మొండితనంలో ఇద్దరం ఇద్దరమే.

అప్పటినుంచి ఇద్దరి చాప పరిచి ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. మిగిలిన సగంలో సంచీ పెట్టి చూశాను. సంచీ పెట్టినా ఖాళీ ఖాళీయే.

ఆఖరి ఏళ్ళలో అక్క లెక్క ఎప్పుడూ నాకన్నా రెండో మూడో తక్కువ. నేనూ అలాగే తగ్గించి రాసి, ఆమె సంతకం గీకేదాన్ని. మొదట్లో వేరే కాగితం మీద రెండు మూడుసార్లు గీసి చూసుకునేదాన్ని. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

పోయిన వారం సంఘం కార్యదర్శి ఫోన్ చేసింది.

"ఆదివారం వస్తున్నానండీ. ఇద్దరూ నా ముందే లెక్కపెట్టి సంతకాలు చెయ్యాలి. అన్ని చెరువుల్లోనూ ఇలాగే చూస్తున్నాం."

ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, నన్ను పోల్చుకోలేక కాసేపు అలాగే నిలబడింది.

"నేనే అక్కా."

"గొంతుతో తెలిసిందిలే. కూర్చో."

విషయమంతా చెప్పాను, దొంగ సంతకాలతో సహా. తిడుతుందనుకున్నాను.

"రెండు మూడు తగ్గించి రాశావా?" అని అడిగింది.

"నీ లెక్క అలాగే ఉండేదిగా."

"నాది లెక్క కాదే పిచ్చిదానా. ఆఖరి రెండేళ్ళూ నాకు అవతలి గట్టే కనబడలేదు. నువ్వు గొణుక్కుంటూ లెక్కపెడతావు. అది విని, అనుమానం రాకుండా కాస్త తగ్గించి రాసేదాన్ని."

"మరి ఎందుకొచ్చేదానివి?"

"వారానికో పూట నీ పక్కన కూర్చోవచ్చని."

"ఆదివారం రా అక్కా," అన్నాను.

"నలుగురిలో నవ్వులపాలైన చోటికి మళ్ళీ రాలేను. ఏమీ అనుకోకు," అంది. కోపంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే బతిమాలుకునేదాన్ని.

ఆదివారం గట్టు మీద కార్యదర్శికి నా దొంగతనం వరకు ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క సంగతి నాలోనే దాచుకున్నాను. కార్యదర్శి చాలాసేపు పుస్తకం తిరగేసి, "నియమం నియమమేనండీ," అంటూ జాబితాలో మా చెరువు పేరు కొట్టేసింది. పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. వచ్చే నెల, గుడ్లు పెట్టే కాలంలోనే వలలు దిగుతాయి.

నేను అక్కడే కూర్చుని లెక్కపెట్టాను. ఎవరికీ అక్కర్లేని లెక్క. నూట పద్నాలుగు. ఈసారి గొణగలేదు, గట్టిగానే అన్నాను. విని తగ్గించి రాసే మనిషి పక్కన లేదు.