బల్లకు కట్టిన పంచె

రత్నస్వామి మొజాయిక్ నేలమీద బోర్లా పడుకుని, టార్చిలైటును నేలకు ఆనించి వెలిగించాడు. అలా పెడితే గసగసాల గింజంత గడియారపు మరకు కూడా పొడుగాటి నీడ పడుతుంది. నేలలోని నల్ల చుక్కలకు మాత్రం నీడ ఉండదు. ఒక్కో చుక్కనూ తడుముకుంటూ గోడదాకా పాకాడు.

"దొరికినాదా?" వంటింట్లోంచి భార్య దేవసేన అడిగింది.

"లేదు. యాడికి పోయినాదో!"

ముప్ఫై ఎనిమిదేళ్లు ఆయన పొద్దున్నే తిరుత్తణిలో రైలెక్కి, తిరువళ్లూరు బస్టాండు పక్కన చెక్క కొట్లో గడియారాలు బాగుచేసి, చీకటిపడ్డాక ఇల్లు చేరాడు. ఆ కొట్టు ఎంత ఇరుకంటే, ఏది జారినా ఆయన మోకాళ్లమీదే పడేది. కిందటి నెల ఆ వరస కొట్లన్నీ తీసేశారు. ఇంట్లో కిటికీ కింద బల్ల వేసుకున్నాడు. ఇల్లు చిన్నదే గాని, జారిపడిన మరకు అదొక మైదానం. వేళ్లు కూడా ఈమధ్య వణుకుతున్నాయి. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఇప్పుడు పోయిన మర తామరైపాక్కం టీచరు కలైవాణి ఇచ్చిన గడియారంలోది. అది వాళ్ల నాన్న చేతి గడియారం. దీన్ని పాడుచేస్తే ఇక ఈ పని మానుకోవలసిందేనని ఆయన అనుకున్నాడు.

దేవసేన గది ఊడ్చి, ఆ దుమ్మును తెల్ల పళ్లెంలో పోసుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరింది. మర దొరికింది. తర్వాత ఒక పాత పంచె తెచ్చి, ఒక అంచును బల్లకు చిన్న మేకులతో కొట్టింది. రెండో అంచు ఆయన నడుముకు చుట్టి వెనక ముడివేసింది.

"ఏమ్మే, నన్ను కట్టేస్తావుండావా?"

"మా నాయన మగ్గంలో నేసిన గుడ్డ ఎప్పుడన్నా నేలమీద పడినాదా? ఒడిలోకే గదా వస్తాది. నువ్వూ అట్లే కూర్చో."

ఆమె పొదటూరుపేట నేతగాళ్ల బిడ్డ. ఆయన నవ్వి కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. ఆమె కళ్లజోడు తీసి బల్ల మూల పెట్టి, వెనకాలే చాప పరుచుకుని ఒరిగింది.

పదకొండు గంటలకు కిటికీలోంచి ఒక పసుపు వెలుతురు వచ్చి, బల్లమీదుగా చాపదాకా పాకింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ వేళకు తన ఇంట్లోకి అలాంటి వెలుతురు వస్తుందని ఆయనకు తెలియదు. రోజూ ఆమె ఒక్కతే దీన్ని చూస్తూ ఉండేదన్నమాట. దూరంగా రైలు కూసింది. అందులో తను లేడన్న సంగతి ఆయనకు కలలా తోచింది.

మరలు పట్టుకునే చిమటాలోంచి ఒక మర జారింది. చప్పుడే లేదు.

"పడినాదా?" అంది ఆమె.

"పడినాది. ఒడిలోనే ఉండాది."

"మ్..."

ఇంకో చక్రం జారింది. "మళ్లా పడినాదే," అన్నాడు నవ్వుతూ. ఆమె పలకలేదు. నిద్ర పట్టిందేమోనని దగ్గు కూడా ఆపుకుని పనిచేశాడు. వెలుతురు చాప దాటి గోడెక్కింది. కాసేపటికి గడియారం కదిలింది, టిక్కుటిక్కుమంటూ. ఇంకా అంకెల ముఖం బిగించలేదు, దాని మరలు ఒడిలోనే ఉన్నాయి.

"ఏమ్మే, విను. నడస్తావుండాది."

వెనక్కి తిరిగాడు. ఆమె చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. రొమ్ము కదలడం లేదు.

"దేవసేనా!"

వెనక ముడి అందలేదు. మేకులు ఊడేలా గుడ్డను లాగి లేచాడు. మరలన్నీ నేలమీద చెల్లాచెదురయ్యాయి. వాటివైపు ఆయన చూడనైనా లేదు. ఆమె చెయ్యి పట్టుకుని, అది తన చేతికంటే చల్లగా ఎందుకుందో అర్థంకానట్టు చాలాసేపు చాపమీదే కూర్చున్నాడు.

కర్మకాండలు అయ్యాక కలైవాణి వచ్చింది. "తొందర లేదయ్యా, నిదానంగా ఇయ్యండి," అని కళ్లు తుడుచుకుని వెళ్లింది.

మర్నాడు ఆయన నేల ఊడ్చి, దుమ్ము పళ్లెంలో పోసి ఏరాడు. ఒక మర తప్ప అన్నీ దొరికాయి. ఆ ఒక్కటీ వేరే గడియారంలోంచి తీసుకున్నాడు. పంచెను మళ్లీ బల్లకు కొట్టి, రెండో అంచును నడుముకు చుట్టి, ముందుకే ముడి వేసుకున్నాడు. మర జారింది.

"పడినాది," అన్నాడు. కిటికీలోంచి వెలుతురు వచ్చే వేళయింది.

బల్ల మూల ఆ రోజు ఆమె తీసిపెట్టిన కళ్లజోడు అలాగే ఉంది, ముక్కుమీద ఆనేచోట కొంచెం పసుపు అంటుకుని.