ఆయుధపూజ మరునాడు

కంప్యూటరులో ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెరమీద మాత్రం ఏమీ రావడం లేదు. నేను రిపేరుకు వెళ్లింది ఎర్రగుంట్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా గదికి. వేరే మానిటరు తగిలించి చూశాను. అదీ నల్లగానే ఉంది. ర్యామ్ కార్డు ఊడదీసి రబ్బరుతో రుద్ది పెడితే సరిపోతుందనుకుంటూ డబ్బా విప్పాను. చూడగానే నాకు ఒళ్లు మండింది. లోపలంతా బూడిదరంగు పొర. కార్డు దాని గాడిలోనే రాయిలా బిగుసుకుపోయింది.

“దీంట్లో నీళ్లు పోసినారా?” అని అరిచాను.

“నిన్న ఆయుధపూజ గదా రబ్బానీ. మూత తీసి, తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టినా,” అన్నాడు కాటా గుమస్తా ధనుంజయ, దగ్గుతూ.

“అది సిమెంటు దుమ్మన్నా! తడి తగిల్తే గడ్డ కట్టదా? రెండేండ్లు దుమ్ము తాగిన మిషను, ఇంగ యాడ బతుకుతాది? పారేయాల్సిందే.”

ధనుంజయకు మళ్లీ దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు తీసి, దానివైపే చాలాసేపు చూశాడు.

“నేనీడికొచ్చి పద్దెనిమిదేండ్లు,” అన్నాడు. “మనిషి లోపలంతా తడే గదప్పా.”