జైలు బత్తెం

ముత్తయ్య మీద డిక్రీ వచ్చి ఏడాది గడిచినా బాలవ్వకు పైసా ముట్టలేదు.

చొప్పదండి పక్క పల్లెలో వాళ్లిద్దరివీ ఆనుకొని ఉన్న పొలాలు. బాలవ్వ భర్త హనుమండ్లు బతికున్నన్నాళ్లు, ముత్తయ్యా అతనూ ఒకరికొకరు ఆసరాగా దున్నుకున్నారు. హనుమండ్లు జ్వరంతో పోయాక, దున్నే దిక్కు లేక, ఆమె ఎడ్ల జతను ముత్తయ్యకే అమ్మింది. పంట రాగానే ఇస్తానన్నాడు. నెల తిరక్కముందే అందులో ఒక ఎద్దు గొంతువాపు వచ్చి చచ్చింది. ముత్తయ్య సగం పైసలిచ్చి ఇక ఇవ్వనన్నాడు.

"సచ్చిన ఎద్దుకు పైసలెట్లిస్త చెల్లె?"

"నా కొట్టంల సచ్చిందా అన్నా? నీ కొట్టంల సచ్చింది గద!"

అక్కడితో ఆగితే పెద్దమనుషులు చెరిసగం నష్టం పంచి తెంపేవాళ్లే. పంచాయితీలో మాటలు పెరిగాయి. "హనుమండ్లే ఉంటే నన్ను గిట్ల అడిగేటోడా?" అన్నాడు ముత్తయ్య. లేని మనిషిని తెచ్చి తనకెదురుగా నిలబెట్టినట్టనిపించింది బాలవ్వకు. మరునాడే కరీంనగర్ బస్సెక్కి వకీలును చూసింది.

ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండేళ్లయినా ఆమె వేలిముద్ర వేసిన కాగితాలు సగం ఉర్దూలోనే ఉన్నాయి. ఏం రాశారో ఆమెకు తెలియదు. గెలిచావన్నారు. గెలిచాక ఎన్ని వాయిదాలు తిరిగినా గెలిచిన గుర్తేమీ కనబడలేదు.

"ఎడ్లు, నాగలి జప్తు చెయ్యరాదు. భూమి చూస్తే బామ్మర్ది పేర పట్టా ఉన్నది," అన్నాడు వకీలు. "ఇగ మిగిలింది మనిషి. మొన్న పసుపు అమ్మిన పైసలు ఆయన దగ్గర ఉన్నయని సాక్ష్యం ఉంది. ఉండి ఇస్తలేడని తేలితే జైల్ల పెట్టొచ్చు."

"జైల్ల పెడితే ఇస్తడా?"

"జైలు పేరు వింటేనే ఇస్తడు. అయితే ఒకటి. లోపల ఉన్నన్ని రోజులు ఆయన తిండికి బత్తెం నువ్వే కట్టాలె. కట్టకుంటే ఇడిసిపెడతరు."

బాలవ్వ సరేనంది.

కోర్టు అమీను వారంటు పట్టుకొని వచ్చిన రోజు ముత్తయ్య కల్లంలో ఉన్నాడు. పారిపోలేదు, బతిమాలలేదు. రుమాలు దులిపి తలకు చుట్టుకొని అమీను వెంట నడిచాడు. కోర్టులో మున్సిఫు జడ్జి ఆఖరిసారి అడిగితే, "పైసలున్నయి దొరా. ఇయ్య," అన్నాడు. లోపలికి తీసుకుపోతుంటే గోడవారగా నిలబడ్డ బాలవ్వను ఒకసారి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

ఆమె గుమ్మిలోని జొన్నలు అమ్మి బత్తెం కట్టింది. అవి అయిపోతే మళ్లీ అమ్మింది. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, ఈపాటికి అక్కడ అతనూ తింటూ ఉంటాడని గుర్తొచ్చేది. ఊళ్లో కొందరు భేష్ అన్నారు. కొందరు నీళ్ల బావి దగ్గర ఆమె వస్తే మాటలాపేవారు. ఒకటి రెండుసార్లు చాలిద్దామనుకుంది. కానీ చాలిస్తే పంచాయితీలో అతనన్న మాటే నిలిచిపోతుందనుకుంది.

ఒకనాటి మధ్యాహ్నం ముత్తయ్య తల్లి పోశవ్వ కర్ర పట్టుకొని వచ్చి అరుగు మీద కూర్చుంది. బాలవ్వ రెండు కాన్పులకూ తలాపున కూర్చున్న ముసలామె.

"నా కొడుకు మొండోడు బిడ్డా. ఆని బుద్ధి నాకెరుక. నువ్వన్న జర తగ్గరాదు?"

"ఆయననే తగ్గుమనరాదు అవ్వా. నేనేం తప్పు జేసిన?"

"తప్పని ఎవరన్నరు? నా పానం మంచిగుంటలేదు. అందుకని అడుగుతున్న."

బాలవ్వ చెంబుతో మంచినీళ్లిచ్చింది. మాట మాత్రం ఇవ్వలేదు. పోశవ్వ నీళ్లు తాగి, కర్ర అందుకొని, ఎండలోనే పోయింది.

ఆ వారం తిరక్కుండానే, ఆదివారం తెల్లారేసరికి పోశవ్వ ప్రాణం పోయింది. ఏడుపు వినబడి పరుగెత్తిన బాలవ్వను గడపలోనే ఆపింది ముత్తయ్య భార్య కిష్టవ్వ.

"ఏం జూడవస్తివి వదినె? ఆఖరుకు కొడుకునే అడిగింది. చేతనైతే ఆయనను తోలుకరా పో."

బాలవ్వ అట్నుంచి అటే బస్సెక్కింది. వకీలు ఇంట్లోనే దొరికాడు. "నువ్వు ఇడువుమన్నా మున్సిఫు హుకుం కావాలె," అని ఆమెను వెంటబెట్టుకొని ఆయన ఇంటికి పోయాడు. మున్సిఫు వేములవాడ దర్శనానికి పోయాడన్నారు. ఆమె గేటు ముందు మట్టిలో కూర్చుంది. ఎండ తిరిగింది, నీడ తిరిగింది. వైశాఖపు ఎండలో శవాన్ని ఎంతసేపు ఉంచుతారోనని ఆమె మనసంతా ఊళ్లోనే ఉంది. మున్సిఫు వచ్చి, సంగతి విని, సంతకం పెట్టేసరికి పొద్దు వాలింది.

జైలు బయట ముత్తయ్యకు తానే చెప్పింది. అతను తలుపు పట్టుకొని నిలబడ్డాడు. బస్సులో ఆమె వెనక సీటులో కూర్చుంది. చాలా దూరం పోయాక అతను తల తిప్పకుండానే అడిగాడు.

"అవ్వ నన్ను అడిగిందటనా?"

"అడిగిందట అన్నా. ఆఖరుకు నిన్నే అడిగిందట."

వాళ్లు చేరేసరికి వాగొడ్డున చనిపోయిన తమ్ముని కొడుకు తలకొరివి పెట్టడం అయిపోయింది. బూడిదలో ఇంకా నిప్పు కనబడుతోంది. ముత్తయ్య అక్కడే కూలబడ్డాడు. బాలవ్వ దూరంగా నిలబడి, దగ్గరికి పోలేక, ఇంటికి పోలేక, బాగా రాత్రయ్యేదాకా అలాగే ఉండిపోయింది.

దినాలయ్యాక వచ్చిన వారపు అంగడిలో ముత్తయ్య మిగిలిన ఎద్దును అమ్మేశాడు. పసుపు పైసలు కూడా కలిపి తెచ్చి ఆమె గడప మీద పెట్టాడు.

"వద్దన్నా. నాకొద్దు," అంది బాలవ్వ. "గప్పుడే పోశవ్వ మాట ఇనకపోతి."

"కోర్టు చెప్పింది గద. తీస్కో," అన్నాడు. ఇంకేమైనా అంటాడని ఆమె ఎదురుచూసింది. అతను రుమాలు సర్దుకొని పోయాడు.

డిక్రీ పైకం పూర్తిగా ముట్టిందని వకీలు కాగితం రాసి వేలిముద్ర వేయించాడు. "చూస్తివా బాలవ్వా, నేనన్నట్టే వసూలైంది," అని నవ్వాడు. ఆమె వేలి సిరా కొంగుకు తుడుచుకొని బయటికొచ్చింది.

ఆ డబ్బుతో పొలంలో బావి తవ్వించింది. మరుసటి ఎండాకాలం ముత్తయ్య మక్కజొన్న చేను వాడిపోతుంటే, చూడలేక, కాలువ తెంపి నీళ్లు అటు వదిలింది. పొద్దున పోయి చూస్తే తెంపినచోట మట్టి తొక్కి కప్పేసి ఉంది. అటువైపు కిష్టవ్వ గడ్డి కోస్తోంది.

"నువ్వు కప్పినవా వదినె?"

"నేను గాదు," అంది కిష్టవ్వ. ఆమె గొంతులో కోపం లేదు. "ఆయన రాత్రే కప్పిండు. గప్పటిసంది ఏమీ తినలే."

బాలవ్వ పార భుజాన వేసుకొని వెనక్కి తిరిగింది.